మిరపకాయల చేతులు

పిల్లల కోసం పరుగెత్తి పుణ్యం కట్టుకున్నావని ఇప్పటికీ ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎనభైల్లో నేను గుంటూరులో ఒక మిషన్ బడికి డ్రిల్లు మాస్టర్ని. బడిని ఆనుకుని ఉన్న అనాథ పిల్లల హాస్టలు పైకప్పు తుఫానుకు లేచిపోయింది. వానలు మొదలయ్యేలోపు రేకులు వేయించకపోతే పిల్లల్ని తలో దిక్కుకూ పంపేస్తామన్నారు మిషన్ పెద్దలు.

అప్పుడొచ్చాడు ఒక మిరప వ్యాపారి. "మాస్టారూ, ఒంగోలు నుంచి గుంటూరు దాకా పరిగెత్తండి. వెంట మైకు కట్టిన జీపు పంపుతా. అది ఎక్కకుండా వచ్చారా, రేకులన్నీ నేనే ఇస్తా. ఊరూరా నలుగురికీ తెలియాలిగా!" అన్నాడు. ఇవ్వదలుచుకున్నవాడు ఇవ్వొచ్చుగా, మధ్యలో నా కాళ్లెందుకు? ఆ మాట అడగలేదు. సరేనన్నాను.

రెండో రోజు మధ్యాహ్నం, చిలకలూరిపేట దాటేసరికి అరికాళ్ల బొబ్బలు చితికి బూట్లు తడిసిపోయాయి. రోడ్డు పక్క కళ్లంలో ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు నన్ను చూసి ఎదురొచ్చారు. కొండకు నడిచిపోయే భక్తులకు కాళ్లు కడిగి పంపడం వాళ్ల అలవాటు.

"నేను చర్చికి పోయేవాణ్ణమ్మా, ఇది మొక్కు కాదు" అన్నాను.

"పసిబిడ్డల కోసం పరిగెత్తుతున్నావంటగా, అంతకంటే మొక్కేముంది బాబూ" అంటూ ఒక ముసలమ్మ నా బూట్లు లాగేసి, చెంబుతో నీళ్లు పోసి, రెండు చేతులా అరికాళ్లు రుద్దింది.

పొద్దుటి నుంచి మిరపకాయల్లో నానిన చేతులవి. మంట నడినెత్తికెక్కింది. "కళ్లు పోయాయా నీకు? ఆ చేతుల్తో ముట్టుకుంటావా?" అని అందరి ముందూ అరిచాను.

ముసలమ్మ బిత్తరపోయి చేతులు వెనక్కి తీసుకుంది. "కోప్పడబాక బాబూ. మా చేతులకు మంట తెలవదు. మరిచేపోయా" అంది.

అప్పుడు చూశాను, కాయల రాశికి అవతల పిల్లల్ని. మా హాస్టలు పిల్లల ఈడువాళ్లే ఏడెనిమిది మంది తొడిమలు తీస్తున్నారు. ఒక పిల్ల మోచేత్తో కళ్లు తుడుచుకుంటోంది. కాయలు ఎవరివని అడిగాను. రేకులిస్తానన్న ఆయనవే.

"మంచోడు బాబూ, పిల్లలక్కూడా పని ఇత్తాడు" అంది ముసలమ్మ.

మళ్లీ పరుగెత్తాను. ఒక్కో అడుగుకూ కాళ్లు భగభగమంటుంటే, గుంటూరులో ఆయన ముఖం మీద ఏమేం అనాలో దారంతా కూడబలుక్కున్నాను. బడి ముందు వేసిన పందిట్లో ఆయన నాకు దండ వేశాడు. పిల్లలంటే తనకు ప్రాణమని మైకులో చెప్పి, మైకు నా చేతిలో పెట్టాడు. ముందు వరసలో మా హాస్టలు పిల్లలు ఇస్త్రీ బట్టల్లో నావైపే చూస్తున్నారు. నోరు తెరిస్తే రేకులు రావు. "అయ్యగారి మేలు మరువలేం" అన్నాను. చప్పట్లు కొట్టారు.

రేకులు వచ్చాయి. పిల్లలు ఎక్కడికీ పోలేదు, అంతవరకు నిజమే. కానీ కాళ్లు కడిగిన ముసలమ్మ మీద అంత గట్టిగా లేచిన నా నోరు ఆయన ముందు లేవలేదు.