సోనౌలీ కిటికీ దగ్గర మూడు గంటలు

జగిత్యాల నుంచి సొంత కారులో బయలుదేరి నాలుగు దేశాలు చుట్టి వచ్చాను. ఆగండి. దేశం ఒక్కటే, నేపాల్. కారు అల్లుడిది.

దుబాయి క్యాంపులో పదకొండేళ్ళు నా పక్క మంచం దిల్ బహదూర్‌ది. మా నాయన పోయినప్పుడు నా పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉండిపోయింది. దినాలు దాటాకే చేతికొచ్చింది. దినం రోజు క్యాంపులోనే నాతోపాటు గుండు చేయించుకున్నవాడు దిల్ బహదూర్. నేపాల్‌లో బుట్వల్ దగ్గర పల్లెలో వాడి కూతురి పెళ్ళి. పోకుండా ఎలా ఉంటాను?

సిరిసిల్లలో పెళ్ళికూతురికి చీర కొని, మర్నాడు ఉదయం ఐదింటికి కదిలాం. నేను, నా భార్య లచ్చవ్వ, కూతురు సుజాత, అల్లుడు. కోరుట్లలో చాయ్, ఆదిలాబాద్ దాటాక భోజనం, సాయంత్రానికి నాగపూర్. లాడ్జివాడు నవ్వుతూ మా ఓటరు కార్డులు జిరాక్సు తీస్తానంటే మిషను దాకా వాడి వెంటే నడిచాను.

"కార్డులు తింటడా మామా?" అన్నాడు అల్లుడు.

"నా పాస్‌పోర్టు పట్టుకపోయినోడు గూడ గిట్లనే నవ్విండు."

రెండో రోజు రీవా దగ్గర ధాబాలో ఒక పెద్దాయన ఎక్కడికని అడిగాడు. కాశీకి అన్నాను. ఆయనకు నిజమెందుకు? అడగకుండానే అరటిపళ్ళిచ్చాడు. తొక్క తిప్పి తిప్పి చూశాకే తిన్నాను.

మూడో రాత్రి గోరఖ్‌పూర్‌లో పడుకుని, నాలుగో రోజు ఉదయం పదింటికి సోనౌలీ చేరాం. అవతల నేపాల్. కిటికీలో గుమస్తా బండి కాగితాలు, మా ఓటరు కార్డులు ఇమ్మన్నాడు. పక్క గదిలో రాసుకుని తెస్తాడట. పక్క గది! కాగితాలన్నీ ఉన్న సంచీ నేను ఇవ్వలేదు. పదకొండైంది. మా వెనక వచ్చిన బళ్ళన్నీ దాటిపోయాయి.

"బాపూ, పన్నెండైంది. పెండ్లిపిల్లను మూడింటికి అత్తగారింటికి తోలిస్తరట. ఇయ్యి!" అంది సుజాత.

చివరికి నేను బల్ల గుద్ది హిందీలో దబాయించాను. పెద్దాఫీసరు పరుగున వచ్చి, నా కళ్ళెదుటే చీటీ రాసి, ముద్ర గుద్ది, కాగితాలు నా చేతికిచ్చాడు. ఒంటిగంటకు గేటు దాటాం. పల్లెకు చేరేసరికి రెండున్నర. కారు అలంకరించి ఉంది, పిల్ల ఇంకా గుమ్మంలోనే ఉంది. దిల్ బహదూర్ నన్ను చూడగానే కూతురి చేయి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

మీరు వెళ్తే ఓటరు కార్డులు మరవకండి, పొద్దున్నే సరిహద్దు చేరండి. ఇంకో మాట కూడా చెబుదామనుకున్నాను. తిరుగు ప్రయాణంలో నాగపూర్ దగ్గర టిఫిను చేస్తుంటే, గంభీరావుపేట నుంచి నేపాల్ పోతున్న జంట పక్క బల్ల మీద కూర్చుంది. సరిహద్దులో గట్టిగా మాట్లాడితేనే పని జరుగుతుందని వాళ్ళకు నా కథంతా చెప్పాను.

లచ్చవ్వ చేతిలోని ఇడ్లీ ప్లేటులో పెట్టి ఆ ఇల్లాలి వైపు తిరిగింది.

"బల్ల గుద్దింది లేదు, దబాయించింది లేదు చెల్లె. సంచి రొమ్ముకు ఒత్తుకొని, నాయినా నాయినా అనుకుంట గా కిటికి ముంగట కూసుండి ఏడ్సిండు. నేనే గుంజుకొని ఇచ్చిన. పావుగంటల తిరిగిచ్చిండ్రు."