పావురాల రెట్టకు పంపు కొట్టే మేస్త్రి

మార్కు మేస్త్రికి పామన్నా తేలన్నా లెక్కలేదు. పావురం రెట్టంటేనే హడలు. ఏ పాత కట్టడంలో పనికెళ్లినా పత్తిచేలో మందు కొట్టే పంపు వీపున తగిలించుకుని, ముందు రెట్టల మీద నీళ్లు కొడతాడు. అవి నానేదాకా చీపురు ముట్టనివ్వడు. మూతికి గుడ్డ కట్టనిదే ఎవర్నీ లోపలికి రానివ్వడు.

గుంటూరులో పదేళ్లుగా మూతపడిన మిరపకాయల గోడౌను బాగుచేసే పని ఒప్పుకున్నాక ఆయన అవస్థ చూసి తీరాలి. లోపల జానెడు మందాన రెట్ట.

"ఇంకా ఎన్ని ట్యాంకులు కొడతావు మేస్త్రీ? పావురాలకి జలుబు చేస్తుంది!" అన్నాడు తాపీ పనిచేసే వీరబాబు.

"చెయ్యనీ. ఎండు రెట్ట ఊడిస్తే ఆ దుమ్ము నీ ఊపిరితిత్తుల్లో కాపురం పెడుతుంది. గుడ్డ పైకి లాగరా!"

అందరూ నవ్వారు. తట్టలు మోసే శాంతి మాత్రం నవ్వలేదు. నవ్వితే దగ్గొస్తుంది. అంతకుముందు వేరే మేస్త్రి దగ్గర ఇలాగే రెట్ట పేరుకున్న పాత మిల్లును నెల్లాళ్లు నీళ్లు చల్లకుండానే ఊడ్చింది. అప్పట్నుంచీ నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పోయిన నెల తనతోపాటు తట్టలు మోసే ఎలీషా ఇలాగే దగ్గితే మార్కు బండెక్కించి తీసుకెళ్లాడు. ఎలీషా మళ్లీ ఈ పనిలో కనబడలేదు. ఈ పని పోతే తన ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే దగ్గొచ్చినప్పుడల్లా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇసుక గుట్ట వెనక్కి పరుగెత్తేది.

గురువారం తట్ట నెత్తినుండగానే దగ్గు తెర ముంచుకొచ్చింది. తట్ట కిందపడింది.

మార్కు పంపు ఆపాడు. "ఎన్నాళ్లనుంచమ్మా?"

"దగ్గు కాదండీ, మిరప ఘాటు!"

"పదేళ్లుగా ఇక్కడ పావురాలే గానీ మిరపకాయ లేదు. బండెక్కు."

శాంతి పైప్రాణాలు పైనే పోయాయి. దారంతా "ఇక దగ్గనండీ, ఒట్టండీ" అని బతిమాలుతూనే ఉంది.

బండి ఆసుపత్రి ముందు ఆగింది. నర్సు నవ్వింది. "మార్కు గారూ, ఈసారి ఎవర్ని తెచ్చారు? ఎలీషా మందులు వాడుతున్నాడా?"

"వాడుతున్నాడండీ. మంగళగిరి సైట్లో కొత్త గోడలు తడిపే పనిలో పెట్టాను. దుమ్ము లేదు, హాయిగా ఉన్నాడు."

డాక్టరు ఎక్స్‌రే చూశాడు. ఊపిరితిత్తుల్లో కాస్త వాపుందని, ముదరకముందే వచ్చారని, మందులతో తగ్గుతుందని, ఇక దుమ్ములో పని చెయ్యొద్దని చెప్పాడు.

"అయితే పని మానెయ్యాలాండీ?" అంది శాంతి.

"ఎందుకు మానతావు? అక్కడ అన్ని గోడలూ ఎలీషా ఒక్కడూ తడపలేక చస్తున్నాడు. సోమవారం నుంచి నువ్వూ వెళ్లు," అన్నాడు మార్కు.

శాంతికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇక దాచుకునే పని లేదు గనక, ఇన్నాళ్లూ దిగమింగిన దగ్గంతా అక్కడే తనివితీరా దగ్గేసింది.

"కొంగు అడ్డం పెట్టుకో తల్లీ!" అంటూ మార్కు రెండు బెంచీల అవతలికి గెంతాడు.