అమ్మ ఇచ్చిన కష్టం

మా అమ్మ ఎల్బీ నగర్‌ల బస్సు దిగదు. ఊరి నుంచి ఎప్పుడొచ్చినా ఒక స్టాపు ముందే, చింతలకుంటల దిగుతది. చేతుల రెండు సంచులున్నా సరే, ఎండ మాడుతున్నా సరే, ఆడనే దిగాలె. ఆడికెళ్లి ఆటోల కొత్తపేటకు, మా కిరాయి ఇంటికి. చిన్నప్పుడు ఏడ్చేదాన్ని, పెద్దగయినంక కొట్లాడేదాన్ని. "బస్సంత ఎల్బీ నగర్‌ల దిగుతది, నీకేం పుట్టిందే?" అంటే, "ఆడ మస్తు జనం, నాకు కండ్లు తిరుగుతయి" అనేది. పండుగ ముంగట దిల్‌సుఖ్‌నగర్‌ల జనంల దూరి గంటసేపు బేరమాడే మనిషికి ఎల్బీ నగర్‌ల కండ్లు తిరుగుడేంది? మొండితనం అనుకున్న. నాకున్నది గూడ ఆమె దగ్గరికెళ్లి వచ్చిందే.

ఇంటర్ అయిపోయిన ఏడు నాకు చెప్పుకునే ర్యాంకు రాలే. మార్కులు మాత్రం మంచిగనే వచ్చినయి. ఉత్తరాదిల ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఉందని, వాళ్లకు మన అప్లికేషన్ నచ్చితే ఫీజు మొత్తం మాఫీ చేస్తరని తెలిసింది. మా నాయన చీరల దుకాణంల సేల్స్‌మన్. అమ్మ ఇంట్ల కూసొని చీరలకు ఫాల్స్ కుడ్తది, పీకో కొడ్తది. మాఫీ వస్తే పోవుడు, లేకుంటే ఇంటి పక్క డిగ్రీ కాలేజీ. నాకు పోవాల్నని ఎంత పాణం కొట్టుకునేదో! వాళ్ల లైబ్రరీ ఫోటో ఫోన్ల పెట్టుకొని, ఏ కిటికి కాడ కూసుందామా అని చూసేదాన్ని.

అన్ని నింపిన, ఒక్కటి తప్ప. ఐదు వందల మాటల్ల వ్యాసం రాయాలె. నిన్ను నిన్నుగ చేసిన ఒక అనుభవం చెప్పుమన్నరు. ఏం చెప్పాలె నా మొఖం? రెండేండ్లు పొద్దున ఆరింటికి కాలేజీ బస్సు ఎక్కిన, చీకటి పడ్డంక దిగిన. ఆదివారమొస్తే పరీక్ష. నన్ను నన్నుగ చేసింది నాలుగు జవాబులల్ల ఒకటి దిద్దుడే. దాని మీద ఐదు మాటలు గూడ రావు.

దిల్‌సుఖ్‌నగర్‌ల మెట్రోకు ఎదురుంగ మూడో అంతస్తుల ఒక కన్సల్టెన్సీ ఉండె. ఆ సారు మా నాయన దుకాణం ఓనరుకు ఎరుక, అందుకే నా వ్యాసం ఊకెనే చూస్తనన్నడు. విజయవాడ దిక్కు మనిషి, మెత్తగ మాట్లాడ్తడు.

"మీదే ఊరమ్మా?" అన్నడు.

"పోచంపల్లి దగ్గర సార్."

"ఇంకేం మరి, మగ్గం రాసేద్దాం!"

"మా తాత మగ్గం నేను పుట్టకముందే అమ్మేసిన్రు సార్."

"దాందేముంది..." అని, మల్ల ఆయననే తల ఊపిండు. "వద్దులే. పోయినేడాది ముగ్గురు మగ్గమే రాశారు. ఇంకేదైనా కష్టం చెప్పు. మీ నాన్నగారు తాగుతారా?"

"తాగడు సార్."

"పెద్ద జబ్బులేమైనా?"

"లేవు సార్."

"పోనీ, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో పోయారా?"

"లేరు సార్."

పెన్ను కింద పెట్టిండు. "మరి ఎలాగమ్మా?" అన్నడు, పాపం, నిజంగనే రంది పడుకుంట. మా ఇంట్ల ఎవ్వరు సావనందుకు సారు ముంగట తల దించుకొని కూసున్న.

ఇంటికొచ్చి అమ్మ మీద పడ్డ. "ఏం బతుకే మనది! చెప్పుకోనీకి ఒక కష్టమన్న లేదు" అన్న. నా నోట్లె మన్ను వడ, అన్నది నేనే. అమ్మ మిషన్ ఆపలే. "లేనందుకు దేవునికి దండం పెట్టుకో" అన్నది.

రెండు దినాలయినంక, పగటీలి అన్నం తిన్నంక, మిషన్ ముంగట కూసొని కుట్టకుంట నన్ను పిలిచింది.

"కష్టం రాస్తే సీటిస్తరా?"

"ఇస్తరంటున్నడు సారు."

"నీకన్న ముందుగాల ఒక పాప ఉండె."

నాకు సమజ్ కాలే. ఎవరి పాప అన్న.

"నా పాపనే. పదకొండు దినాలున్నది. పసిరికలయినయి, ఒళ్లంత పచ్చగయింది. ఊర్ల డాక్టరు పట్నం దవాఖానకు తీస్కపొమ్మన్నడు. మీ నాయన ఈడ పనిల ఉండె. నేను, మీ అమ్మమ్మ బస్సెక్కినం. హయత్‌నగర్ దాటినంక చూస్తే ఒడిల మెసులుతలేదు. మీ అమ్మమ్మ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. ఒర్రకే బిడ్డా, నడి రోడ్డు మీద దించేస్తరు అన్నది. కొంగు కప్పిన. పక్కకు కూసున్నామె, మంచి పాప, ఏడుస్తనే లేదు అన్నది. అవునన్న. ఎల్బీ నగర్ దాక గట్లనే ఒళ్లె పెట్టుకొని కూసున్న. ఆడ దిగి, మల్ల మా ఊరి బస్సే ఎక్కినం."

"పేరేంది?" అన్న.

"పేరు ఇరవై ఒకటో దినం గద పెట్టేది. గప్పటిదాక ఉండలే."

"నాకెందుకు చెప్పలే ఇన్నేండ్లు?"

"కడుపు చింపుకుంటే కాళ్ల మీద పడ్తది. మీ నాయన గూడ మల్ల ఎన్నడు ఆ ముచ్చట ఎత్తలే. గిప్పుడు నీకు అక్కరకొస్తదంటే రాస్కో."

గంతే. చీర ముంగటికి గుంజుకొని మిషన్ తొక్కుడు షురూ చేసింది.

నిజం చెప్పాలె. నాకు ముందుగాల ఏడుపు రాలే. దొరికింది అనుకున్న. ఏడుపు దాని ఎనుకకెళ్లి వచ్చింది.

రెండు దినాలల్ల రాసి తీస్కపోయిన. సారు చదివి కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. మంచోడే, నిజంగనే ఏడ్చిండు. తర్వాత అన్నడు, "పాప, పాప అని ఎన్నిసార్లు రాస్తావమ్మా? ఒక పేరు పెట్టు. చదివేవాళ్లకి మనిషి కనబడాలి."

"పేరు పెట్టలేదు సార్ ఆమెకు."

"నువ్వు పెట్టు."

ఆయన కీబోర్డు ముంగటికి జరిపిండు. మా క్లాసుల ఒక పిల్ల పేరు గుర్తొచ్చింది, కొట్టిన. ఒక్క నిమిషం గూడ పట్టలే. చివర్ల జర వెలుగుండాలన్నడు. మా అక్క బతకని దినాలు గూడ నేనే బతుకుతనని రాసిన. ఆడనే కూసొని పంపించిన.

సాయంత్రం అమ్మ, "ఏం రాసినవో చదువు" అన్నది. ఇంగ్లీషుల ఉన్నదాన్ని తెలుగు చేసుకుంట చెప్తున్న. ఫాల్స్ కుడ్తున్న సూది పేరు కాడ ఆగింది.

"ఎవరది?"

"పాపనే అమ్మా. పేరుంటే మంచిగుంటదన్నడు సారు."

చీర దిక్కే చూసుకుంట, "నన్నొక్క మాట అడగకపోతివి" అన్నది.

"నువ్వు అనుకున్నవా? ఏదన్న పేరు?"

"అనుకోకుంట ఉంటరా, తొమ్మిది నెలలు?" సూది మల్ల చీరల గుచ్చి, "పంపినవా?" అన్నది.

"పంపిన."

"సరే తియ్" అని దారం తెంపింది. ఏం పేరో చెప్పలే. అడిగే మొఖం నాకు లేకుండె.

ఎండకాలంల జవాబొచ్చింది. నాలుగు లైన్లు. నీ కథ మాతోని పంచుకున్నందుకు థాంక్స్ అన్నరు, ఈసారి తీసుకోలేకపోతున్నం అన్నరు. రెండుసార్లు చదివి, లైబ్రరీ ఫోటో తీసేసిన. వంటింట్లకు పోయి, "రాలేదమ్మా" అన్న.

అమ్మ పప్పు కింద మంట తగ్గించింది. "చదివిన్రా వాళ్లు?"

"చదివే ఉంటరు."

"బస్సు ముచ్చట గూడ చదివిన్రా?"

"చదివే ఉంటరమ్మా."

"చదివి గూడ ఇయ్యలే." గరిటె పట్టుకొని నిలబడ్డది. "అయితే వాపస్ ఇయ్యమను."

"ఏం వాపస్?"

"రాసింది. సీటియ్యనప్పుడు నా బిడ్డ ముచ్చట వాళ్ల కాడ ఎందుకు? వాపస్ అడుగు."

కాయితం మీద రాయలేదని, కంప్యూటర్‌ల పంపిందాన్ని తిరిగి తెచ్చుకోలేమని ఎట్ల చెప్పాలె? చెప్పినా ఏం ఒరుగుతది? "అడుగుతనమ్మా" అన్న.

ఇంటి పక్క కాలేజీలనే డిగ్రీ చేసిన. ఇప్పుడు ఒక బట్టల షోరూంల బిల్లింగు కాడ కూసుంట. ఎటన్న పోవాల్నన్న ఆశ నాకు ఏడనో పోయింది, వెతుకుతలేను గూడ. ఎల్బీ నగర్‌ల దిగుదాం అని మాత్రం మల్ల ఎన్నడు అనలే. చింతలకుంట వస్తదనంగనే సంచులు నేనే ఎత్తుకొని తలుపు కాడికి నడుస్త.

మొన్న ఊరి నుంచొచ్చి చింతలకుంటల దిగి ఆటో కోసం నిలబడ్డం. ఉన్నట్టుండి అడిగింది, "వాళ్లు వాపస్ ఇచ్చిన్రా?"

ఇన్నేండ్లకు గూడ మరువలే. "ఇంకా ఇయ్యలేదమ్మా" అన్న.

"ఇయ్యకుంటే మాయె. గా పేరన్న మార్పించు. అది నా బిడ్డ పేరు కాదు."

"ఏం పేరు పెట్టమనాలె అమ్మా?"

ఆటో వచ్చి ఆగింది. అమ్మ సంచి నా చేతులకెళ్లి తీసుకొని ముందుగాల ఎక్కి కూసున్నది. నేను ఎక్కినంక, నా దిక్కు చూడకుంట అన్నది, "నీకు చెప్తే అది గూడ రాస్తవ్."