హంఫ్రీ కారు అలిగే చోట్లు

హంఫ్రీ ఆక్రాయిడ్ ముందు రాణీగారిని తిట్టవచ్చు, దేవుణ్ణి తిట్టవచ్చు, ధైర్యముంటే మా యార్క్‌షైర్ క్రికెట్ జట్టునూ తిట్టవచ్చు. ఆయన కారును మాత్రం పల్లెత్తు మాట అనకూడదు.

అది అరవైల నాటి రెండు తలుపుల కారు. ముదురాకుపచ్చ రంగు, తోలు సీట్లు, లోపలంతా వాల్‌నట్ చెక్క. దాని ముక్కు చర్చి మలుపు తిరిగేసరికి తోక ఇంకా పోస్టాఫీసు ముందే ఉండేది.

“పొద్దున ఫ్రాన్సులో ఈ కొసనున్న కలేలో బయలుదేరితే రాత్రి భోజనానికి ఆ కొసనున్న నీస్‌లో దింపే బండి ఇది!” అనేవాడు పబ్బులో.

“మరి పక్కూరికి కూడా చేరదేం?” అనేవాణ్ణి.

“చేరలేక కాదు ఎర్నీ. దానికి బుద్ధి పుట్టాలి.”

చెడిపోయింది అన్న మాట ఆయన నిఘంటువులో లేదు. కారు అలుగుతుంది, ఆలోచిస్తుంది, ఓసారైతే “ప్రకృతిని చూస్తోంది” అన్నాడు. అయితే అది అలిగేదల్లా ఎవరో ఒకరి గేటు ముందే. ఆ ఇంట్లో టీ తాగి, కేకు తిని హంఫ్రీ బయటికొచ్చేసరికి బుద్ధిగా కదిలేది.

“అది పెట్రోలుతో కాదు, కేకు వాసనతో నడుస్తుంది,” అని పబ్బంతా ఘొల్లుమనేది. హంఫ్రీ ముఖం కందగడ్డయ్యేది.

అన్నిటికన్నా ఎక్కువగా అలిగేది విన్నీ థ్రెల్‌ఫాల్ గేటు ముందు. భర్త పోయాక ఆవిడ తలుపు మూసుకుంది. ఓదార్చబోయిన పాదిరీగారినే, “జాలి పంచాలంటే వేరే గుమ్మం చూసుకోండి!” అని తరిమేసింది.

ఒకనాడు హంఫ్రీ నన్ను కారులో సముద్రపొడ్డునున్న విట్‌బీకి తీసుకెళ్లాడు. చేపలు తిని తిరిగొస్తుంటే ఆ కారు కొండ మీదికి సింహంలా గర్జిస్తూ ఎక్కింది. దగ్గనైనా దగ్గలేదు. తీరా విన్నీ గేటు దగ్గరకొచ్చేసరికి హంఫ్రీ చెయ్యి స్టీరింగు కిందికి పోయింది. టిక్కుమంది. ఇంజను ఆగింది.

“హంఫ్రీ! నువ్వే ఆపావు!”

“ష్! దొంగలు ఎత్తుకుపోకుండా పెట్టించిన స్విచ్చి అది.”

“ఇక్కడ దొంగెవడు?”

“అరవకు. పలకరించడానికొచ్చానంటే ఆవిడ తలుపు తియ్యదు. బండి చెడిపోయిందంటే తిట్టడానికైనా తీస్తుంది. మనిషికి తిట్టుకోవడానికైనా ఇంకో మనిషుండాలి కదోయ్.”

చెడిపోయిందన్నాడు! తన నోటితో! కారును ఒక్క మాట పడనివ్వని ఆ మనిషి, ఊరంతా దాన్ని డొక్కు అంటుంటే ఇన్నేళ్లూ గుటకలు మింగుతూ కూర్చున్నాడన్నమాట.

అప్పుడు నాకు మరొకటి వెలిగింది. మా ఆవిడ ఎడ్నా చనిపోయిన చలికాలమంతా ఆ కారు మా గేటు ముందే అలిగింది. వచ్చినప్పుడల్లా దాన్ని బండబూతులు తిట్టి, హంఫ్రీని లోపలికి లాక్కెళ్లి సూపు పోశాను. ఆ వంకతో నేనూ ఇంత తాగాను.

ఇంతలో తలుపు దభాలున తెరుచుకుంది.

“మళ్లీ నా గేటే దొరికిందా?” విన్నీ గరిట పట్టుకుని వచ్చింది. “ఇవాళ ఇద్దరు దాపురించారేం? ఏమొచ్చింది ఆ డొక్కుకి?”

హంఫ్రీ నోరు తెరవకముందే నేను దిగి బానెట్ ఎత్తాను. నిక్షేపంగా ఉన్న ఇంజనును వైద్యుడిలా పరీక్షించి, పెద్దగా నిట్టూర్చాను.

“జబ్బు ముదిరింది విన్నీ. గంటైనా పడుతుంది. టీ ఏమైనా ఉందా?”

“ఉండక చస్తుందా! బూట్లు తుడుచుకుని తగలడండి.”