మడిచీర

ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో మా అద్దింటి డాబా పక్కనే, చేతికందేంత దగ్గరగా కరెంటు తీగలు వెళతాయి. మొన్న కార్తీక సోమవారం పొద్దున్న మా అత్తగారు తన మడిచీరను ఎవరూ తాకకుండా కర్రతో ఎత్తి, పై తాడు మీద ఆరేశారు. గాలికి తడికొంగు లేచి తీగల వైపు ఎగిరింది. పట్టుకోబోయాను.

"ఓలమ్మీ, ముట్టకే! మడిసీర అది!" అని అరిచారు.

అలవాటుగా ఆగిపోయాను. మరుక్షణమే కొంగు తీగలకు తగిలి, పెద్ద చప్పుడుతో చీర అంటుకుంది. నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. భయం వెయ్యలేదు. ఏడుపూ రాలేదు.

"ఏటలా నిలబడిపోనావు? తప్పుకో, ఇంకో సీర తడుపుకోవాలి," అన్నారు అత్తగారు.

ఆ రెండో చీర కూడా అదే తాడు మీద ఆరేశారు. తన మడి నన్ను బతికించిందని ఆవిడకు తోచలేదు.