వస్తోందా అక్కా?

లిఫ్టులు బాగుచేసే ఆ మనిషిని కంపెనీలోనూ వీధిలోనూ అందరూ బొంగరం అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టినవాడెవడో గాని, వాడి నోట్లో పంచదార పొయ్యాలి. ఈయన ఒకచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. భోజనం నిలబడి చేస్తాడు. టీ నడుస్తూ తాగుతాడు. సినిమాకి వెళ్తే సీటు ఖాళీగా వదిలేసి వెనక గోడకి ఆనుకుని చూస్తాడు. క్షవరానికి కూర్చున్నాడా, ఆ షాపతను ఒక చేత్తో తల అదిమిపట్టుకుని రెండో చేత్తో కత్తెర ఆడించుకోవాలి. "మీతో కాపురం అంటే రైల్వే ప్లాట్‌ఫారం మీద కాపురమేనండీ" అంటుంది భార్య.

అలాంటివాడు ఆ ఆదివారం పొద్దున్నించీ హాల్లో నేలమీద బోర్లా పడుకున్నాడంటే ఊరికే కాదు. గోడవారనున్న పాత స్టీరియో వెనక వైర్ల చిక్కులో తల దూర్చి, పళ్లమధ్య టార్చిలైటు పట్టుకుని, నిమిషానికోసారి దాన్ని తీసి లోపలి గదివైపు కేకేస్తున్నాడు.

"వస్తోందా అక్కా?"

"రాలేదురా!"

సాయంత్రం చెల్లెలు కారేసుకుని వస్తుంది. అక్కని తనింటికి తీసుకెళ్లిపోతుంది. ఆలోగా అక్క గదిలో పాట మోగాలి. మోగితే అక్క ఉండిపోతుంది, మోగకపోతే వెళ్లిపోతుంది. ఇదీ బొంగరం లెక్క. ఎవరు చెప్పారయ్యా నీకు అంటే ఎవరూ చెప్పలేదు, తనకు తనే తేల్చేసుకున్నాడు.

అక్కంటే మామూలు అక్క కాదు. తల్లి పోయాక ఇతన్నీ చెల్లెల్నీ రెక్కలు ముక్కలు చేసుకుని పెంచిన మనిషి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎదురుగా బోర్డునిండా ఉన్న కన్నాల్లో వైర్లు గుచ్చుతూ పీకుతూ, ఎవరి మాట వాళ్లకి అందించేది. పెళ్లి ఊసెత్తితే "ముందు వీళ్లిద్దరి సంగతీ తేలనీ" అనేది. వీళ్ల సంగతి తేలేసరికి తన సంగతి అడిగేవాళ్లే లేకపోయారు. రిటైరయ్యాక తమ్ముడింటికొచ్చింది. పోయిన వానల్లో మెట్లమీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయితే అయింది గాని, అప్పట్నించీ మంచమ్మీంచి కుర్చీకీ కుర్చీలోంచి మంచానికీ, అంతే ఆవిడ ప్రయాణం.

ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజే బొంగరం ఈ స్టీరియో పెట్టాడు. తను లిఫ్టు చూసే ఒక అపార్టుమెంటులో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ "తీసుకుపోతావా" అంటే, వెండిలా మెరిసే యాంప్లిఫయర్, రేడియో, టేప్ డెక్కు, రెండు స్పీకర్లు, అన్నీ బిడ్డల్ని మోసినట్టు మోసుకొచ్చాడు. ఒక స్పీకరు హాల్లో, రెండోది అక్క తలాపున అలమరలో. పొద్దున్నే పాటలు పెట్టడం, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోవడం. రాత్రి వచ్చి ఆపడం. అక్కకి లోటేమీ లేదని గుండెలమీద చెయ్యేసుకుని పడుకోవడం.

పోయినవారం ఆ స్టీరియో కాస్తా మూగబోయింది. సరిగ్గా అప్పుడే అక్క ఫోన్లో చెల్లెలితో అన్న మాట ఇతని చెవిన పడింది. "బాగానే చూసుకుంటున్నారే. వేళకి అన్నీ అందుతున్నాయి. పలకరించే దిక్కే లేదు." చెల్లెలు ఊరుకుంటుందా, "ఆదివారం వస్తున్నా, బట్టలు సర్దుకో" అనేసింది.

ఇంకొకడైతే వెళ్లి మంచం పక్కన కూర్చుని ఏంటక్కా సంగతి అని అడిగేవాడు. మన బొంగరం మాత్రం పరుగున పోయి స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాడు. పాట ఆగింది కాబట్టే అక్కకి దిక్కులేనట్టయింది అనుకున్నాడు మహానుభావుడు!

శనివారమంతా వెతికాడు. పాట రేడియోలోంచి బయల్దేరి ఎటు పోతోంది, ఎక్కడ ఆగుతోంది అని ఒక్కో వైరూ పట్టుకుని పోయాడు. చివరికి తేలిందేమంటే, యాంప్లిఫయర్ మీద టేప్ మానిటర్ అని ఒక బటనుంది. అది నొక్కితే పాట నేరుగా స్పీకర్లకి పోదు, టేప్ డెక్కులోకి వెళ్లి తిరిగి రావాలి. డెక్కు పాడైందని ఇతనే ఎప్పుడో పీకి అటక మీద పెట్టాడు. ఇంకేముంది, వెళ్లిన పాట వెళ్లినట్టే!

"ఈ బటన్ ఎవరు నొక్కారు?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"దుమ్ము తుడుస్తూ నేనే నొక్కేసుంటాను. దుమ్ము తుడవద్దంటే మానేస్తా, నాకూ సుఖమే" అంది భార్య, వంటింట్లోంచి తల కూడా తిప్పకుండా.

బటన్ పైకి లాగగానే హాల్లో పాట గొల్లుమంది. అక్క గదిలోనూ వచ్చింది. హమ్మయ్య అనుకుని టీ గ్లాసు అందుకున్నాడో లేదో, లోపల్నించి కేక.

"పోయిందిరా!"

అప్పట్నించీ ఇదే వరస. హాల్లో సుబ్బరంగా మోగుతుంది. అక్క గదిలో కాసేపు వస్తుంది, కాసేపు పోతుంది. మెకానిక్కులకి ఇంతకంటే నరకం లేదు. పూర్తిగా చచ్చినదాన్ని పట్టుకోవచ్చు, వచ్చిపోయే జబ్బుని పట్టుకోవడం బ్రహ్మతరం కూడా కాదు. సరిగ్గా చెయ్యి పెట్టబోయేసరికి బాగుంటుంది, చెయ్యి తియ్యగానే మొదలు.

ముందు స్పీకర్ స్విచ్ మీద పడ్డాడు. హాలుకా, లోపలికా, రెంటికీనా అని తిప్పే స్విచ్ అది. విప్పి, తుడిచి, తుప్పు వదిలే మందు కొట్టి బిగించాడు. వచ్చింది, పోయింది. అసలా స్విచ్చే లేకుండా వైరు నేరుగా అతికించాడు. సోల్డరింగ్ ఐరన్ తగిలి వేలు చురుక్కుమంది. వచ్చింది, మళ్లీ పోయింది. స్టూలెక్కి వసారా పొడుగునా ద్వారబంధాల మీదున్న పాత వైరు పీకేసి కొత్తది లాగాడు.

"వస్తోందా అక్కా?"

"ఆఁ, వస్తోంది... వస్తోంది... అయ్యో, పోయిందిరా! ఇప్పుడేం కదిపావు?"

"ఏమీ కదపలేదే!"

"మా బోర్డులోనూ ఇలాగే ఏడిపించేదిరా ఒక లైను. ఓసారి ఆస్పత్రికి ఇవ్వాల్సిన కాల్ మటన్ కొట్టుకి కలిసింది. పాపం ఆ పేషెంటేమో, రేపు పొద్దున్న కోస్తారా అండీ అని భయం భయంగా అడిగాడు. కొట్టువాడు, కోస్తాం, కిలోనా అరకిలోనా అన్నాడు!"

బొంగరం స్టూలు మీద నిలబడే పగలబడి నవ్వాడు. లోపల అక్క నవ్వు వినబడింది. ఆ ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. అక్క నవ్విందంటే పనవుతున్నట్టే అనుకుని ఇంకా జోరుగా మేకులు కొట్టాడు. ఆవిడ ఇంకేదో చెప్పబోయింది గాని సుత్తి మోతలో ఇతనికి వినబడలేదు.

మధ్యాహ్నం దాటాక చెల్లెలు ఫోన్ చేసింది, బయల్దేరానని. బొంగరం కాలుగాలిన పిల్లిలా హాల్లోంచి వసారాలోకీ, వసారాలోంచి హాల్లోకీ తిరిగాడు.

"ఏమండీ, ఆ గదిలోకి ఓసారి వెళ్లి చూడకూడదూ?" అంది భార్య.

"అక్కడేముంది, ఉత్త డబ్బా. జబ్బు పైనుంచి వస్తుంది గాని కిందనించి రాదు."

ఇది ఇతని వృత్తిధర్మం. లిఫ్టు ఆగితే ముందు పైనున్న మెషీన్ రూముకి పోవాలి, అక్కణ్ణించి ఒక్కో అంతస్తూ చూసుకుంటూ దిగాలి. లోపల ఇరుక్కున్నవాళ్ల దగ్గరికి పోవడం ఆఖర్న. వాళ్లు అరవడం తప్ప ఏం చెబుతారు అంటాడు. పైగా, ఇరుక్కున్నవాళ్ల మొహాలు చూస్తే ఇతనికి ఏ వైరు ఎక్కడిదో తెలీదు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు.

"మీ ఇష్టం. ఎవరి తెలివి వాళ్లది" అంది ఆవిడ, పెదవి బిగబట్టి.

ఇక చూడ్డానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు కదిలాడు అక్క గదివైపు. కేకెయ్యలేదు, చెప్పులు కూడా లేవు. గుమ్మం దగ్గర ఆగాడు.

అక్క ఇటు వీపుపెట్టి మంచమ్మీద కూర్చునుంది. అలమరలో స్పీకరు చక్కగా పాడుతోంది. ఆవిడ ఓ క్షణం వింది. తర్వాత చెయ్యి చాపి, ఎక్స్ఛేంజిలో ఎన్నేళ్లు చేసిందో ఆ పని, ఒక్క లాగుడుకి స్పీకరు వెనక వైరు రెండు కొసలూ పీకేసింది. ఒకదానికొకటి తగిలితే యాంప్లిఫయర్ కాలిపోతుందని మధ్యలో వేలు అడ్డం పెట్టుకుంది కూడా. పాట ఆగింది. హాలు వైపు గొంతెత్తి అరిచింది.

"పోయిందిరా!"

"అక్కా!" అన్నాడు బొంగరం వెనకనించి.

ఆవిడ ఉలిక్కిపడింది. వైరు దుప్పట్లోకి తోసింది గాని, అప్పటికే ఆలస్యమైంది. దొంగతనంగా బెల్లం తింటూ దొరికిన పిల్లలా మొహం పెట్టింది.

"నిన్నట్నించీ కోతిని ఆడించినట్టు ఆడిస్తున్నావా నన్ను? ఇదిగో, వేలు కాలింది! అక్క వెళ్లిపోతుందని నేను చస్తూ ఉంటే, నీకు ఆటగా ఉందా?"

"అవును, పీకాను. ఏం చేస్తావు?" అంది అక్క. తప్పు చేసినవాళ్ల గొంతు కాదది. "ఇది మోగినన్నాళ్లూ ఈ గడప తొక్కావా నువ్వు? పొద్దున్నే పాటేసి పోతావు, రాత్రొచ్చి ఆపి పడుకుంటావు. నేనున్నానో పోయానో ఆ డబ్బాకి తెలుస్తుందా? ఇది చెడింది గనక నిన్నట్నించీ నీ గొంతు వింటున్నాను. నాకు పాటలొద్దురా! ఉద్యోగం చేసినన్నాళ్లూ వీళ్ల మాటలు వాళ్లకీ వాళ్ల మాటలు వీళ్లకీ కలిపాను. నా చెవులోంచే వెళ్లాయి అన్నీ. ఒక్కటీ నాకోసం కాదు. నిన్న నువ్వు అడిగావు చూడు, వస్తోందా అక్కా అని. నన్ను అడిగావు."

బొంగరం కాలిన వేలు కిందికి దించాడు. కోపం ఎటు పోయిందో పోయింది.

"నిన్నిలా మంచమ్మీద చూడలేనక్కా" అన్నాడు. "నువ్వెప్పుడూ నిలబడే ఉండేదానివి. గుమ్మం దాకా వస్తాను రోజూ. లోపలికి రావడానికి భయం. నాకు భయమక్కా."

"నాకూ భయమేరా. ఇద్దరం ఒకచోట కూర్చుని భయపడదాం, రా."

వెళ్లి మంచం అంచున కూర్చున్నాడు. కూర్చున్నాడు గాని, చేతులు ఊరుకోవు కదా, దుప్పట్లోని వైరు అందుకుని కొసలు మెలిపెట్టబోయాడు. అక్క ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. మోకాలు ఆడించాడు, దానిమీదా ఒకటిచ్చింది. ఆ మటన్ కొట్టు పేషెంటు తర్వాతేమయ్యాడు అని అడిగాడు. ఆవిడ మొదలుపెట్టింది. లేవాలని కాళ్లు లాగుతూనే ఉన్నాయి, అయినా లేవలేదు.

బయట కారు హారన్ మోగింది. చెల్లెలు చరచరా లోపలికొచ్చి గుమ్మంలో కొయ్యబారిపోయింది.

"ఏంటన్నయ్యా, కూర్చున్నావు? ఒంట్లో బాలేదా?"

గుమ్మం పక్కన భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"బాగానే ఉన్నానే."

"మరి స్టీరియో బాగైందా?"

"కాలేదు. ఇంకా చాలా పనుంది."

"సరే, అది నువ్వు నింపాదిగా చేసుకో. అక్కా, బట్టలు సర్దావా? చీకటి పడకముందే బయల్దేరదాం."

బొంగరం లేచి నిలబడబోయి, మళ్లీ కూర్చున్నాడు. "అక్కని తీసుకెళ్లిపోతే ఎలాగే? వస్తోందో లేదో ఇక్కడ నాకెవరు చెబుతారు?" అన్నాడు.

చెల్లెలు ఏమీ అర్థంకాక అక్క వైపు చూసింది. అక్క తమ్ముడి కాలిన వేలు పట్టుకుని చూస్తోంది. వైరు ఆవిడ ఒళ్లోనే ఊడిపడుంది.

"వస్తోందిరా" అంది అక్క.