బానెట్ వెనక బావ

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే దర్శి నుంచి మేనకోడలు ఫోను చేసింది. “మామయ్యా, నాన్న పోయాడు” అంది. మా అక్క పోయాక బావ ప్రత్తిపాడులో మా వెనక వీధిలోనే ఒక్కడూ ఉండేవాడు. కూతుర్ని చూసొస్తానని వెళ్ళినవాడు మరి తిరిగి రాలేదు.

మీలో కొందరు ఆయన్ని ఎరిగే ఉంటారు. బళ్ళో డ్రిల్లు మాస్టారు. ఈల అక్కర్లేకుండా గ్రౌండు ఆ చివరికి వినపడే గొంతు. అక్క పోయాక ఆ గొంతు చిక్కిపోయింది. నేనా, పెళ్ళి చేసుకోని ఒంటిగాణ్ణి. వీధిలో ఎదురుపడితే “తిన్నావా?” “తిన్నా.” అంతే మా ముచ్చట.

ఏటా ఎండలు ముదిరేముందు మాత్రం పొద్దున్నే పాత చొక్కా వేసుకుని, ప్లాస్టిక్ బేసిన్ చంకన పెట్టుకుని దిగేవాడు. నా పాత కారుకి కూలెంటు మార్చడానికి. ఇంజను కాగిపోకుండా రేడియేటరులో పోసే రంగునీళ్ళు అవి. మెకానిక్ షెడ్డులో ఇస్తాలే బావా అంటే ఇంతెత్తున లేచేవాడు. “ఏరా, నేను చచ్చాననుకున్నావా?”

ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన. కూలెంటుకి కూడా ప్రార్థనేంటి బావా అంటే, “ఆమెన్ అనరా, బండి నీదే” అనేవాడు. ఇంజను చల్లగా ఉందని తడిమి చూసి మూత తీసి, కింద ప్లగ్గు వదులు చేసేవాడు. కారిందంతా బేసిన్‌లో పట్టి, అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకితే చస్తాయట. ఓసారి కొత్త కూలెంటులో కలపడానికి నేను బోరునీళ్ళ బకెట్టు తెస్తే తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. “మన బోరునీళ్ళకి బిందెలే సున్నం కడుతున్నాయి కదరా! అవి మనం తాగుదాం, బండికి బ్యాటరీ నీళ్ళు పోద్దాం.”

కొత్తది పోశాక ఇద్దరు కావాలి. లోపల గాలి చిక్కుకోకుండా ఒకరు బండి స్టార్ట్ చేసి హీటరు పూర్తిగా తిప్పి కూర్చోవాలి. ఇంకొకరు బుడగలు చూస్తుండాలి. మిరపకాయలు గలగలా ఎండే ఊళ్ళో హీటరు వేసుకుని కూర్చోవడం! చెమటలు కారుతుంటే అరిచేవాణ్ణి, “బుడగలు ఆగినయ్యా బావా?” లేపిన బానెట్ వెనక మనిషి కనపడేవాడు కాదు. గొంతొక్కటే వచ్చేది. “ఆగలా! ఇంకాస్త ఉడకరా బామ్మర్దీ!”

అలా ముఖాలు కనపడనప్పుడే మాట్లాడుకునేవాళ్ళం. ఓ ఏడాది బానెట్ వెనకనుంచి అన్నాడు, “మీ అక్క లేని ఇంట్లో కుక్కరు కూత వేసినా ఉలిక్కిపడుతున్నానురా.” ఎదురుగా ఉంటే ఆ మాట అనేవాడు కాదు. నేను స్టీరింగు పట్టుకుని ఏడ్చాను.

నిజానికి ఏటా మార్చక్కర్లేదు. దించిన కూలెంటు ఆకుపచ్చగా, శుభ్రంగా ఉండేది. ఆయనా చూసేవాడు, నేనూ చూసేవాణ్ణి.

“మురికి పట్టిందిరా.”

“అవును బావా, బాగా.”

సమాధి చేసి వచ్చాక, నిన్న నేనే బేసిన్ పెట్టాను. కళ్ళు మూసుకుంటే ప్రార్థన రాలేదు, ఆమెన్ మాత్రం అన్నాను. కొత్తది పోసి, లోపల కూర్చుని హీటరు తిప్పాను. బుడగలు చూడాలంటే దిగాలి. దిగబుద్ధి కాలేదు. ఎప్పటిలాగే బానెట్ వెనక మనిషి కనపడటం లేదు. దిగితేనే కదా, ఎవరూ లేరని తెలిసేది.

“ఆగినయ్యా బావా?” అన్నాను.

చెమటలు కారిపోతున్నాయి. ఇంకాస్త ఉడుకుదామని అలాగే కూర్చున్నాను.